డింగ్ ఉంది, డాంగ్ లేదు

కాలింగ్ బెల్ పాడైన సంగతి ఊరందరికీ తెలిశాక గానీ ఇంట్లోవాళ్లకి తెలియదు. మనింటి బెల్ మనం నొక్కుకోం కదా! కొరియర్ కుర్రాడు ‘ఇంట్లో ఎవరూ లేరు’ అని రాసుకుని వెళ్లిపోయాడు. పక్కింటి పిన్నిగారైతే, "తలుపు తీయకపోతే పోనీ, టీవీ సౌండైనా తగ్గించాల్సింది" అని నిష్ఠూరమాడారు.

ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే "దార్లో ఉన్నా సార్" అన్నాడు. ఏ దారో చెప్పలేదు. "వైర్లు లేని రిమోట్ బెల్ కొనెయ్ బావా" అన్నాడు మా బావమరిది. పై ఫ్లాట్‌వాళ్లు అదే కొన్నారు. వాళ్ల బటన్ నొక్కితే ఎదురింట్లో కోకిల కూస్తోంది.

ఇక నేనే మెయిన్ ఆపి రంగంలోకి దిగాను. ఫ్యాన్లన్నీ ఆగి చెమటలు కారుతున్నా "మెయిన్ ఆపారా?" అన్న మా ఆవిడ ప్రశ్న మాత్రం ఆగలేదు. గుమ్మం బయట స్విచ్ విప్పితే లోపల చీమల కాపురం, పక్కనే బల్లి గుడ్డు. అన్నిటినీ ఖాళీ చేయించి, చిలుం పట్టిన రేకుల్ని గరుకు కాగితంతో రుద్ది, మెయిన్ వేసి నొక్కాను. డింగ్! అంతే. డాంగ్ రాలేదు.

బెల్ లోపల ఉండేది కాయిలు, దాని మధ్య ఇనుప కడ్డీ, ఒక స్ప్రింగు, రెండు రేకులు. నొక్కగానే 230 వోల్టుల కరెంటుకి కాయిలు అయస్కాంతమై కడ్డీని లాగుతుంది. అది పోయి ఒక రేకుని కొడితే డింగ్. వేలు తీయగానే స్ప్రింగు వెనక్కి తోస్తే రెండో రేకు మీద డాంగ్. అమెరికాలోని ఆల్బనీలో జోసెఫ్ హెన్రీ 1831లోనే మైలుకు పైగా తీగ లాగి, విద్యుదయస్కాంతంతో గంట మోగించాడు. మా పెదనాన్న ఆయనింటికి వెళ్లలేదు కాబట్టి సరిపోయింది.

పెదనాన్న తలుపు తెరిచేదాకా బొటనవేలు తీయరు. తీయనంతసేపూ డాంగ్ రాదు. డాంగ్ రాలేదు కాబట్టి బెల్ మోగలేదనుకుని ఇంకా గట్టిగా అదుముతారు. లోపల కాయిలు కాగిపోయి, దాన్ని చుట్టిన ప్లాస్టిక్ మెత్తబడి, కడ్డీ అందులోనే ఇరుక్కుంది. "రెండు చుక్కలు కొబ్బరినూనె వెయ్యి నాయనా" అంది అమ్మ. వేస్తే దుమ్ము కూడా పట్టుకుంటుంది. కొత్త బెల్ బిగించాను.

అప్పుడొచ్చాడు ఎలక్ట్రీషియన్. బెల్ నొక్కి, "మోగుతోందిగా సార్, మరెందుకు పిలిచారు?" అని విసుక్కుని, వచ్చినందుకు డబ్బులు పట్టుకెళ్లాడు.

మా ఇంటికొచ్చే బంధుమిత్రులకు మనవి: బెల్ నొక్కండి, వెంటనే వేలు తీయండి. డాంగ్ వినబడందే తలుపు తీయం.