క్యాంపస్‌ను పచ్చబరచు విధానం

లలిత కళల కళాశాలల్లో హరిత కమిటీ కన్వీనర్లుగా కొత్తగా ఇరుక్కున్నవారికి కరదీపిక

పైనుంచి సర్క్యులర్ వచ్చింది. క్యాంపస్ పచ్చబడాలి, వ్యర్థం కళగా మారాలి, అదంతా కాలేజీ నాణ్యతను మదింపు చేసే న్యాక్ బృందం వచ్చేలోపే జరగాలి. మీటింగు రోజున మీరు సెలవులో ఉన్నారు కాబట్టి కన్వీనర్ మీరే. కంగారు పడకండి. ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లయితే సోలార్ పలకలు బిగించాలి, ఇంకుడు గుంతలు తవ్వాలి. మీది ఆర్ట్స్ కాలేజీ. మీ దగ్గర చెత్తకు కొదవ లేదు, దానికి గంభీరమైన పేరు పెట్టగలవారికి అసలే కొదవ లేదు.

కావలసినవి: లోగో ఒకటి, రిబ్బను, కత్తెర, ముఖ్య అతిథి, ఆకుపచ్చ టీషర్టులు, ఫొటో మీద లొకేషను పడేలా ఫోను సెట్ చేయగల విద్యార్థి ఒకరు. చెత్త కూడా కావాలి గాని, దానికి తొందరలేదు.

1. ముందు ఫ్లెక్సీ కట్టండి

చెత్త తగ్గించే కార్యక్రమం కొత్త చెత్తతోనే మొదలవ్వాలి. లేకపోతే మొదలైనట్టు ఎవరికీ తెలియదు. "ప్లాస్టిక్‌కు వీడ్కోలు" అన్న నినాదాన్ని పీవీసీ పూత పూసిన గుడ్డ మీద నిలువెత్తున అచ్చు వేయించండి. పాత దుప్పటి మీద బ్రష్షుతో రాసిస్తామని అప్లైడ్ ఆర్ట్ పిల్లలు ముందుకొస్తారు. అక్షరం రాయడమే వాళ్ల చదువు మరి. నవ్వి పంపించేయండి. దుప్పటి మీద రాస్తే తేదీ మార్చి వచ్చే ఏడాదీ కట్టుకోవచ్చు. అప్పుడు బిల్లు ఎక్కడినుంచి పుడుతుంది?

చట్టం సంగతీ చూసుకోవాలి. 2022 జూలై 1 నుంచి అలంకరణకు వాడే థర్మోకోల్‌నూ, 100 మైక్రాన్ల కంటే పలచనైన పీవీసీ బ్యానర్లనూ దేశమంతా నిషేధించారు. మీరు చట్టాన్ని గౌరవించే మనిషి. అందుచేత ఇంకా మందమైన బ్యానరు వేయించండి. ప్లాస్టిక్ ఎక్కువ పట్టినా నిబంధన మాత్రం ఉల్లంఘన కాదు.

2. చెత్తను కొనండి

ఈ విద్య మనకు బడిలోనే అబ్బింది. "బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్" పోటీ అనగానే నాన్న రాత్రి తొమ్మిదింటికి స్టేషనరీ కొట్టుకు పరుగెత్తి, ఏ ఐస్‌క్రీమూ ఎన్నడూ తాకని కొత్త ఐస్‌క్రీం పుల్లల ప్యాకెట్టు తెచ్చేవాడు. అమ్మ కూల్‌డ్రింకును గిన్నెలోకి వంపి సీసా కడిగి ఇచ్చేది. పొద్దున్నకల్లా పెన్ స్టాండు. సాయంత్రానికి మొదటి బహుమతి. మర్నాటికి చెత్తబుట్ట.

ఆ సంప్రదాయాన్ని డిగ్రీ స్థాయికి తీసుకెళ్లండి. మీ క్యాంటీను వెనక దొరికే సీసాలు రకరకాల రంగుల్లో, నొక్కుకుపోయి ఉంటాయి. వాటితో డిజైను కుదరదు. ఒకే కొలత, ఒకే రంగు కావాలంటే పాత సామాన్ల కొట్టుకు వెళ్లి తూకానికి తెచ్చుకోండి. అక్కడ మీ కాలేజీ కిందటి నెల అమ్మిన పాత జవాబు పత్రాలు కూడా కనబడవచ్చు. అవీ కొనండి. అమ్మినప్పుడు వాటి విలువ మీకు తెలియలేదు, ఇప్పుడవి మీడియం.

3. గేటు దగ్గర ఒకటి నిలబెట్టండి

సీతాకోకచిలుక, చేప, భూగోళాన్ని మోస్తున్న రెండు చేతులు: ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోండి. నాలుగోది ఆలోచించడం వృథా శ్రమ. లోపల కొత్త ఇనుప చట్రం, కింద సిమెంటు దిమ్మె, పైన సీసాలు. ఎండకు సీసాలు పెళుసుబారి విరుగుతాయి కాబట్టి మొత్తం మీద ఫైబర్ రెసిన్ పూయించి, స్ప్రే పెయింటు కొట్టించండి. ఇక్కడే అసలు సృజన ఉంది. ఒంటరిగా ఉన్నంతకాలం ఆ సీసా కరిగి మరో వస్తువు అయ్యే అవకాశం ఉంది. ఒకసారి గట్టిపడిన రెసిన్ మళ్లీ కరగదు, తనతో అంటుకున్నదాన్నీ కరగనివ్వదు. పాత సామాన్ల వాడికి పనికొచ్చే సీసాను ఎవరికీ పనికిరాకుండా చేశాక దాని కింద పలక పెట్టండి: "పునర్జన్మ".

పికాసో 1942లో సైకిలు సీటునూ హ్యాండిలునూ కలిపి ఎద్దు తల చేశాడని ఎవరైనా గుర్తుచేస్తే వినయంగా తిప్పికొట్టండి. రెండే వస్తువులు, అవీ పాతవి. మూడు కొటేషన్లు ఎలా తెస్తారు?

4. స్టూడియోల వైపు వెళ్లకండి

ఇది అన్నిటికన్నా కష్టమైన మెట్టు. మీ కమిటీ పుట్టక ముందునుంచే అక్కడ పునర్వినియోగం గుట్టుగా సాగిపోతోంది. దాన్ని చూడకుండా ఉండటానికి సాధన కావాలి.

శిల్పం షెడ్డు మూల ఒక డ్రమ్ము ఉంటుంది. పోర్ట్రెయిట్ స్టడీకి మార్కులు పడగానే పిల్లలు మట్టి తలను పగలగొట్టి, బాగా ఎండనిచ్చి, ఆ డ్రమ్ము నీళ్లలో వేస్తారు. పూర్తిగా ఎండిన మట్టే నీళ్లలో ఇట్టే విరుగుతుంది. సగం తడిది ముద్దగానే మొండికేస్తుంది. తేరిన బురదను ప్లాస్టర్ పలక మీద పరిస్తే పలక నీళ్లు పీల్చేస్తుంది, ఆపైన పిసుక్కుంటే మళ్లీ కొత్త మట్టే. కొలిమిలో కాల్చనంత కాలం దానికి చావు లేదు. ఈ ఏడాది గాంధీగారి ముక్కు నిరుడు ఎవరి చెవిగా ఉండేదో చెప్పలేం.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు ఈ సుగుణం లేదు. జిప్సమ్‌ను వేడిచేసి అందులోని నీటిని చాలావరకు పోగొడితే వచ్చే పొడి అది. నీళ్లు కలపగానే తిరిగి జిప్సమ్ అయి కూర్చుంటుంది. పగిలిన అచ్చును ఎంత మెత్తగా నూరి తడిపినా మళ్లీ గట్టిపడదు. దాని పలుకులు మట్టి డ్రమ్ములో పడితే కాల్చేటప్పుడు కుండకు పెచ్చు లేస్తుంది. మిగిలింది సింకులో పోస్తే గొట్టంలోనే శిల్పమవుతుంది. అంటే క్యాంపస్‌లో నిజంగా లెక్కపెట్టి వాడాల్సిన సరుకు ఇది. మీ నివేదికలోకి ఈ మాట రానివ్వకండి. ప్లాస్టర్ తక్కువ కలుపుకున్న విద్యార్థిని ఫొటోలో ఎలా చూపిస్తారు?

పెయింటింగ్ విభాగం ఇంకా ప్రమాదం. కుదరని బొమ్మ మీద తెలుపు కొట్టి అదే కాన్వాసు మీద మళ్లీ వేసుకుంటారు. నూనె రంగు మీద అక్రిలిక్ తెలుపు నిలవదని, పెచ్చులూడుతుందని సీనియర్లే జూనియర్లకు చెబుతారు. ఇది దరిద్రమని మీకనిపిస్తే, వాన్ గో కూడా 1887లో గడ్డిమైదానం బొమ్మను ఇలాగే ఒక స్త్రీ ముఖం మీద వేశాడని, ఆ ముఖాన్ని 2008లో ఎక్స్‌రే కిరణాలతో బయటికి తీశారని గుర్తుంచుకోండి. బ్రష్షులు కడిగిన టర్పెంటైన్‌ను పారబోయరు. రాత్రంతా కదపకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది, పై తేటను వేరే సీసాలోకి వంచుకుంటారు. లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డలను మాత్రం దాచనివ్వకండి. ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. వాటిని నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టించండి. కాలిపోయిన క్యాంపస్‌కు హరిత ర్యాంకు ఇవ్వరు.

ఇక ప్రింట్‌మేకింగ్ గదిలో లితో రాళ్లు. బొమ్మ గీయడం, అచ్చు తీయడం, ఇసుకలాంటి పొడి వేసి మరో రాయితో రుద్ది పైపొర తీసేయడం, మళ్లీ గీయడం. ఒక్కో రాయి మీద ఎన్ని బ్యాచ్‌లు గీసి చెరిపాయో ఎవరూ లెక్క రాయలేదు. క్యాంపస్‌లో ఇంతకు మించిన పునర్వినియోగం లేదు, ఇంతకు మించి ఎవరూ పట్టించుకోని మూలా లేదు.

వీటిలో దేనికీ ప్రారంభోత్సవం జరగలేదు. పైగా ఇదంతా డబ్బుల్లేక చేసేది. డబ్బుల్లేక చేసేదానికి అవార్డులు ఉండవు. బడ్జెట్ పెట్టి చేసేదానికే ఉంటాయి.

5. విరిగిన ఈజిల్‌ను కాపాడండి

విరిగిన ఈజిల్ చెత్త అని పొరబడకండి. స్టాక్ రిజిస్టరులో దానికో నంబరుంది. దాన్ని కండెమ్ చేయాలంటే కమిటీ వేయాలి, కమిటీ వచ్చి చూడాలి, చూసి సంతకాలు చేయాలి, ఆపైన వేలం. అందాకా అది వరండాలో వానకు తడిసి చెదలకు ఆహారమవుతుంది. చెదలకు అనుమతి అక్కరలేదు. ఆ వరండా పక్కనే ఒక విద్యార్థి కాన్వాసు చట్రానికి నాలుగు కర్రముక్కల కోసం సామిల్లుకు వెళ్లి కొత్త కలప కొనుక్కొస్తాడు. అతను ఈజిల్ కాలు ముట్టుకుంటే దొంగతనం. మీరు ఆ ఈజిళ్లను గుట్టగా పేర్చి "జ్ఞాపకాల అడవి" అని పేరు పెడితే ఇన్‌స్టలేషను.

6. ఇచ్చిపుచ్చుకోవడాన్ని సంస్కరించండి

చివరి ఏడాది వాళ్లు హాస్టలు ఖాళీ చేసేటప్పుడు సగం మిగిలిన ట్యూబులు, డ్రాయింగ్ బోర్డులు, ఒక కాలు ఊగే స్టూళ్లు వదిలి వెళతారు. "అన్నా, ఆ బోర్డు నాకు వదిలెయ్." "తీస్కోరా, స్టూలు మీద మాత్రం వెనక్కి వాలకు." ఈ రెండు మాటలతో సరుకు చేతులు మారిపోతుంది. రసీదు లేదు, రికార్డు లేదు, మీ కమిటీ పేరు అసలే లేదు. ఇలా ఊరుకుంటే ఎలా?

ఒక గది కేటాయించి "మెటీరియల్ బ్యాంక్" అని బోర్డు పెట్టండి. ఇచ్చేవారు మూడు ప్రతుల్లో ఫారం నింపాలి. పుచ్చుకునేవారు హెచ్.ఓ.డి. సంతకం తేవాలి. తాళంచెవి ఒకరి దగ్గరే ఉండాలి, ఆయన మధ్యాహ్నం తర్వాత దొరక్కూడదు. ఏడాది తిరిగేసరికి ట్యూబుల్లో రంగు గడ్డకడుతుంది. అప్పుడు బ్యాంకు నిండుగా ఉందని రాయవచ్చు. ఎవరూ తీసుకోలేదన్న సంగతి దాంట్లోనే ఇమిడిపోతుంది.

7. ఉపన్యాసం పెట్టించండి

అతిథికి ప్లాస్టిక్ చుట్టిన పుష్పగుచ్ఛం, ప్లాస్టిక్ సీసాలో నీళ్లు, అక్రిలిక్ జ్ఞాపిక సిద్ధం చేసుకోండి. మాట్లాడే విషయాన్ని మాత్రం ఓ కంట కనిపెట్టండి.

నేక్ చంద్ పేరు వస్తుంది. ఆ చండీగఢ్ రోడ్ ఇన్‌స్పెక్టరు, నగరం కట్టడం కోసం పడగొట్టిన ఊళ్ల శిథిలాలు, పగిలిన గాజులు, పింగాణీ పెంకులు ఏరుకొచ్చి, 1957 నుంచి ప్రభుత్వ స్థలంలో ఎవరికీ చెప్పకుండా రాక్ గార్డెన్ కట్టుకుంటూ పోయాడు. 1976లో దాన్ని జనానికి తెరిచారు. కథ బాగుంటుంది గాని, లోగో లేకుండా, కమిటీ లేకుండా అన్నేళ్లు పనిచేయవచ్చన్న దురభిప్రాయం పిల్లల్లో కలగవచ్చు. శాంతినికేతన్‌లో రాంకింకర్ బైజ్ 1938లో "సంతాల్ కుటుంబం" చేశాడు. కంచూ పాలరాయీ కాకుండా అక్కడి ఎర్రనేల గులకను సిమెంటులో కలిపి నిలబెట్టాడు. ఈ స్లైడు వచ్చేసరికి టీ విరామం ప్రకటించండి.

చేర్యాల నకాషీ కళాకారులు రంపపు పొట్టులో చింతగింజల ముద్ద కలిపి ముఖాలు చేస్తారని, శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు తుప్పుపట్టిన ఇనుమునూ బెల్లాన్నీ నీళ్లలో ఊరబెట్టి తీసేదేనని అతిథి చెబితే చప్పట్లు కొట్టించండి. అదే సమయానికి మీ చెక్కపని షెడ్డులోంచి రంపపు పొట్టు బస్తాలతో మున్సిపాలిటీ బండి ఎక్కుతుంటుంది. సభాస్థలి కిటికీలు మూసి ఉంచడం మంచిది.

8. నివేదిక రాయండి

న్యాక్ ఏడో ప్రమాణంలో పర్యావరణానికి చోటుంది, రెండు ఉత్తమ ఆచరణలు వివరించమంటారు. మొదటిది గేటు దగ్గరి సీతాకోకచిలుక. రెండోది తాళం వేసిన మెటీరియల్ బ్యాంక్. "మేము" అన్న మాట ధారాళంగా వాడండి. ఎన్ని సీసాలు వాడామో రాయండి, ఎన్ని కొన్నామో వద్దు. మొక్కలు నాటిన ఫొటోలు జతచేయండి. నిరుడు నాటిన గుంతలోనే ఈ ఏడూ నాటితే ఇంకా మంచిది, గుంత పునర్వినియోగం అవుతుంది.

సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: సీతాకోకచిలుక రెండేళ్లకే రంగు వెలిసి, రెక్క ఊడింది. ఏం చేయాలి?
జవాబు: దాన్ని వ్యర్థంగా ప్రకటించి, కొత్త కమిటీకి ముడిసరుకుగా అప్పగించండి.

ప్రశ్న: మట్టి డ్రమ్మునూ లితో రాళ్లనూ ఉత్తమ ఆచరణలుగా చూపిస్తే తప్పా?
జవాబు: తప్పు కాదు. కాని అవి మీ హయాంలో మొదలైనవని నిరూపించాలి.

ప్రశ్న: అటెండరు రోజూ ఒకవైపు వాడిన కాగితాలు ఏరి, కుట్టి, ఆఫీసుకు రఫ్ ప్యాడ్లు చేసిస్తున్నాడు. ఆయన్ను కమిటీలో వేసుకోవచ్చా?
జవాబు: ఆయన్ను వేసుకుంటే మీటింగులకు హాజరవడమే సరిపోతుంది, ప్యాడ్లు ఎవరు కుడతారు?

ప్రశ్న: ఇంత శ్రమ ఎందుకు? కొనేదే కాస్త తగ్గిస్తే సరిపోదా?
జవాబు: సరిపోతుంది. కాని కొననిదానికి బిల్లు రాదు, బిల్లు లేనిదానికి ఖర్చు రాయలేం, ఖర్చు పెట్టని బడ్జెట్‌ను మార్చి 31 తర్వాత వెనక్కి పంపాలి. అంత సాహసం ఇప్పటిదాకా ఏ కన్వీనరూ చేయలేదు.