దోమలమందు సూత్రానికి సంజీవనీ వ్యాఖ్య

మూలం:
గ్రీష్మతాపమున దోమలమందు స్రవించును. కావున సీసాను సగమే నింపవలెను. ఇది మన పూర్వీకుల విజ్ఞానము.

అవతారిక:
పెదపాడు వైపు ఎండలు ముదరగానే బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోకి ఈ సూత్రం దిగుతుంది. కర్త పేరుండదు. బజారులో కొన్న దోమలమందు అయిపోయాక, ఆ సీసాలోనే కిరోసిను, వేపనూనె, కర్పూరం కలిపి పోసి మళ్ళీ ప్లగ్గుకు తగిలించే పొదుపరులను ఉద్దేశించినది. ఆ మందు మధ్యాహ్నపు వేడికి వత్తి వెంట ఉబికి, గోడంతా జిడ్డు చేస్తుంది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు గనక చెల్లింది.

టీక:
గ్రీష్మతాపమున = స్పష్టం. స్రవించును = స్పష్టం; సందేహమున్నవారు మా గోడ చూడవచ్చు.

దోమలమందు = ఇక్కడ ఆగాలి. దోమల వలన కాపాడే మందు అని పంచమి చెప్పేవారున్నారు. దోమల కొరకైన మందు అని చతుర్థి చెప్పడమే నా మతం. దోమ ఆ వాసన పీల్చి, కాసేపు సేదదీరి, తిన్నగా చెవి దగ్గరికే వస్తుంది గనక ప్రయోగం నా పక్షాన ఉంది. మల్లినాథుడి 'సంజీవని' పేరే ఈ టీకకూ పెట్టుకున్నాను, బతికేదెవరో చెప్పనక్కర్లేదు.

పూర్వీకుల = ఎవరి పూర్వీకులు? దోమల విద్యలో తెలుగునేలకు నిజంగా చెప్పుకోదగ్గ పూర్వీకుడు హుసేన్ ఖాన్. 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్‌కు ఒళ్ళప్పగించి, కుట్టిన దోమకు అణా చొప్పున పుచ్చుకున్న మలేరియా రోగి. అతని రక్తం తాగిన దోమ పొట్టలోనే ఆగస్టు 20న రాస్‌కు మలేరియా క్రిమి కనబడింది. పంకా విసిరితే దోమలు ఎగిరిపోతాయని రాస్ ఆ ఉక్కలోనే కూర్చున్నాడు. తన చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయని రాసుకున్నాడు. గ్రీష్మతాపమున స్రవించుట అంటే అదీ! కనిపెట్టిన సంబరంలో పద్యం కూడా రాశాడు. 1902లో నోబెల్ వచ్చింది, పద్యానికి కాదు. శాస్త్రం చేసినవాడు పద్యం రాసుకుంటే ముచ్చటే. గ్రాంథికంలో రాస్తే చాలు శాస్త్రమైపోతుందనుకునేవారితోనే నా పేచీ. ఆ అణా సంగతి మాత్రం నన్ను వదలదు. ఆ ధర ఇప్పుడు పలికితే మా వీధివాళ్ళు ఇన్‌కంటాక్సు కట్టేవారు.

సగమే = ఎక్కడున్నాం? ఆఁ, సీసాలో. సూత్రకారుడు తలకిందులైంది ఇక్కడే. గది వేడి 27 డిగ్రీల నుంచి 42కు పోతే సీసాలోని గాలి 5 శాతం ఉబ్బుతుంది. 45 మిల్లీలీటర్ల సీసా సగం ఖాళీగా ఉంటే, ఆ గాలి ఒక్కటే మిల్లీలీటరుకు పైగా, అంటే ఇరవై చుక్కల మందును వత్తిలోంచి గెంటుతుంది. వేడికి పలచబడిన మందు గెంటించుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. మెడ దాకా నింపితే గెంటే గాలే తక్కువ. మూతకు సన్నని బెజ్జముంటే ఆ గాలీ తన దారిన తాను పోతుంది.

'అయితే బెజ్జం పెడదాం' అని పూర్వపక్షి లేస్తాడు. కూర్చో నాయనా. ఆ బెజ్జంలోంచి వచ్చేది కిరోసిను ఆవిరి. నిప్పురవ్వ తగిలితే ఆ ఆవిరి అంటుకునే వేడికి మన దేశపు ప్రమాణం పెట్టిన కనీస హద్దు 35 డిగ్రీలు. మే నెలలో పెదపాడులో పడకగదే అది దాటుతుంది. అలాంటిదాన్ని కరెంటు హీటరుకు ఆనించి, పసిపిల్ల ఉయ్యాల పక్కన రాత్రంతా వెలిగిస్తున్నారు. కారడం గురించి సూత్రాలు, కాలడం గురించి ఒక్క ముక్క లేదు!

విశేషం:
ఇదే వత్తి, ఇదే వేడి, ఇదే కారుడు ఉన్న ఈ-సిగరెట్టును 2019లో పార్లమెంటు నిషేధించింది. తయారీ, అమ్మకం, నిల్వ అన్నీ నేరమే. కావాలని పీల్చేవాడికి చట్టముంది. వద్దన్నా పీల్చేవాళ్ళం గ్రూపులో ఉన్నాం.

తాత్పర్యం:
ఊళ్ళో దోమలకు కొల్లేటి చేపల చెరువులను తిట్టడం మనకు అలవాటు. చేప తిరిగే నీళ్ళలో దోమపిల్ల బతకడం కష్టం. క్యూలెక్స్ దోమ మురుగు వెతుక్కుని గుడ్లు పెడుతుంది, సైడుకాలవలో దానికి కావలసినంత నిలవుంది. పూడిక తీయించాల్సినవారు ఈ సూత్రాన్ని నాకు రెండుసార్లు పంపారు.

పాఠాంతరం:
వట్లూరు ప్రతిలో 'నిండుగా నింపవలెను' అని ఉంది. పూర్వీకులు మాత్రం వాళ్ళే.