ఆట అరువు, శిక్ష రొక్కం

'క్రీడాస్ఫూర్తి' అనే మాట వినపడగానే మీకు ఒళ్లు మండుతుందా? అయితే మీరు మనవాళ్లే. రండి, ఇంకాస్త మండే కథ చెబుతాను.

2020 జులై 20. స్పెయిన్ ఫుట్‌బాల్ రెండో డివిజన్‌లో సీజన్ ఆఖరి రోజు. రాత్రి తొమ్మిదింటికి మ్యాచ్‌లన్నీ ఒకేసారి మొదలవ్వాలి. ఎందుకు ఒకేసారి? పక్క ఊరి స్కోరు తెలుసుకుని, దానికి తగ్గట్టు ఎవడూ నాటకాలాడకూడదని. చక్కటి నియమం. ఏడాది పొడవునా ఏ మ్యాచ్ ఎప్పుడు పెట్టాలో టీవీ వాళ్లను అడిగి పెట్టే పెద్దలు, ఆ ఒక్క రోజు మాత్రం నీతికి తలొంచుతారు.

లా కొరూన్యాలో, సముద్రం ఒడ్డున, రియాసోర్ స్టేడియం. డెపోర్తివో లా కొరూన్యా అక్కడ ఫ్యూన్లబ్రాడాతో ఆడాలి. డెపోర్ గెలవాలి, మిగతా చోట్ల కూడా కలిసిరావాలి. అప్పుడే బతుకుతుంది. లేదంటే మూడో అంచెకి. ఎవరీ డెపోర్? 2000లో స్పెయిన్ ఛాంపియన్. 2004లో ఏసీ మిలాన్‌ను ఇదే మైదానంలో 4-0తో ఇంటికి పంపిన క్లబ్బు. 1981 తర్వాత మూడో అంచె మొహం చూడని క్లబ్బు.

ఇక ఫ్యూన్లబ్రాడా. మాడ్రిడ్‌ను ఆనుకుని ఉన్న ఊరు. రెండో డివిజన్‌లో దానికదే తొలి సీజన్. పైకి వెళ్లే ప్లేఆఫ్‌ అందినంత దూరంలో ఉంది. ఒక చిక్కు మాత్రం ఉంది. జట్టులో కరోనా. మ్యాచ్‌కు ముందే పాజిటివ్‌లు బయటపడ్డాయి. మరి ఏం చేశారు? ఆగారా? ఎందుకాగుతారు? బయల్దేరారు. మిగతావాళ్ల పరీక్షల ఫలితాలు చేతికొచ్చేసరికి జట్టు లా కొరూన్యా హోటల్లో దిగిపోయింది. ఫలితాలు చూశాక అందరికీ ఒకేసారి జ్ఞానోదయం. ఆ జట్టులో కేసులు చివరికి పాతిక దాటాయి.

కరోనా వల్ల ఆ ఏడాది మార్చి 12న లీగ్ ఆగింది. జూన్‌లో మళ్లీ మొదలైంది. ఆ మధ్యలో లా లిగా అధ్యక్షుడు హావియర్ తెబాస్ చెప్పిన లెక్క స్పెయిన్‌లో పసిపిల్లలకు కూడా కంఠతా వచ్చేసి ఉంటుంది. సీజన్ రద్దయితే నష్టం 100 కోట్ల యూరోలు! మా దగ్గర ప్రోటోకాల్ ఉంది, పరీక్షలున్నాయి, భయం వద్దు అన్నారు. ఆఖరికి ఖాళీ స్టేడియాల్లో బొమ్మ ప్రేక్షకులను కూర్చోబెట్టి, వీడియో గేములోంచి చప్పట్లు తెచ్చి టీవీల్లో వినిపించారు. లేని జనాన్ని సృష్టించగలిగారు. ఉన్న వైరస్‌ను మాత్రం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బయల్దేరకుండా ఆపలేకపోయారు. భేష్!

సరే, వచ్చింది వచ్చింది. ఆ రాత్రి పెద్దల ముందు రెండు దారులున్నాయి. మొత్తం ఆఖరి రోజునే వాయిదా వెయ్యడం ఒకటి. ఆ ఒక్క మ్యాచ్ ఆపేసి, మిగతావి కానిచ్చెయ్యడం రెండోది. ఏది ఎంచుకున్నారో చెప్పనక్కర్లేదుగా? తొమ్మిది కొట్టగానే మిగతా మైదానాల్లో ఈల మోగింది. రియాసోర్ ఖాళీగా ఉంది. డెపోర్ లాగే అంచున వేలాడుతున్న లూగో గెలిచింది. కాదిస్ గడ్డ మీద అల్బసెటె గెలిచింది. అంతే. డెపోర్ దిగజారిపోయింది. బంతి తాకలేదు. చెమట పట్టలేదు. పరీక్ష హాలు తలుపు తియ్యకుండానే ఒక్క పిల్లాడికి ఫెయిల్ కాగితం చేతిలో పెట్టి, 'నీ పరీక్ష తర్వాత పెడతాంలే బాబూ, బాగా రాయి' అన్నట్టు.

'గెలిచినా లాభం లేదుగా' అన్నారు తీరిగ్గా కూర్చున్న లెక్కల మాస్టార్లు. ఆ మూడు పాయింట్లు కలిపినా 51, స్థానం 19, దిగడం ఖాయం అని. అయ్యా, ఆ లెక్క ఎప్పటి ఫలితాలతో వేశారు? డెపోర్ ఆడటం లేదని అందరికీ తెలిసిపోయిన రాత్రి వచ్చిన ఫలితాలతో. రియాసోర్‌లో గోలు పడిందన్న వార్త వస్తే లూగోలో కాళ్లు వణికేవో లేదో ఎవరికి తెలుసు? తెలియకూడదనే కదా అన్నీ ఒకేసారి పెట్టింది! నియమం ఎందుకుందో ఆ కారణాన్నే చంపేసి, ఆ శవంతో సాక్ష్యం చెప్పించారు.

ఇంకో ముచ్చట. 2019 డిసెంబరులో రాయో వాయెకానో, అల్బసెటె మ్యాచ్ సగంలో ఆగిపోయింది. రాయో అభిమానులు అల్బసెటె ఆటగాడు రోమన్ జొజూల్యాను నాజీ అంటూ నినాదాలు చేశారు. పాపం, మిగిలిన 45 నిమిషాలకు న్యాయం జరగాలని లీగ్ దాన్ని జాగ్రత్తగా దాచిపెట్టింది. ఆర్నెల్లు! 2020 జూన్ 10న, లాక్‌డౌన్ తర్వాత మొట్టమొదట ఆడించింది ఆ మిగిలిన సగమే. సగం మ్యాచ్ కోసం ఆర్నెల్లు ఓపిక పట్టగలిగిన సంస్థకి, ఒక క్లబ్బు ప్రాణం కోసం రెండ్రోజులు ఓపిక లేకపోయింది. ఆ సగం మ్యాచ్ ఆడిన అల్బసెటేనే ఇక్కడ బతికి బయటపడ్డ జట్టు. కథ రాసినా ఇంత కుదరదు.

డెపోర్ సుద్దపూస ఏమీ కాదు. ఆ గొయ్యి సగానికి పైగా వాళ్లు తవ్వుకున్నదే. ఒక్క సీజన్‌లో ముగ్గురు కోచ్‌లు. డిసెంబరులో పట్టికలో అట్టడుగు. ఫెర్నాండో వాస్కెస్ వచ్చి వరసగా గెలిపించబట్టి ఆఖరి రోజు దాకా ఆశ మిగిలింది. బోర్డు గదిలో చేసిన పాపాలకు మైదానంలో శిక్ష పడితే ఎవరూ నోరెత్తేవారు కాదు. 1994లో టైటిల్‌కి అడుగు దూరంలో, ఇదే రియాసోర్‌లో, ఆఖరి నిమిషపు పెనాల్టీ తప్పింది. ఊరంతా ఏడ్చింది. కానీ ఆ రోజు కనీసం బంతిని తన్ననిచ్చారు!

ఇక ఇంటి సంగతి. ఫ్యూన్లబ్రాడా క్లబ్బు న్యాయ వ్యవహారాల్లో అప్పట్లో తెబాస్ గారి అబ్బాయి ఉండేవాడు. అందులో తప్పేమీ లేదనే అనుకుందాం. నాన్నగారు లీగ్‌కి, అబ్బాయిగారు క్లబ్బుకి, ఇద్దరూ వేర్వేరు బల్లల ముందు కూర్చుని నిష్పాక్షికంగా పనిచేస్తారనే నమ్ముదాం. మనం నమ్మనివేమైనా ఉన్నాయా? కానీ ఇలాంటి చుట్టరికం ఉన్నప్పుడు కాస్త పక్కకి జరిగి నిలబడాలన్న ఇంగితం వంద కోట్ల యూరోల లెక్కలు వేసే వాళ్లకి తట్టదా? స్పెయిన్ ఫుట్‌బాల్ సమాఖ్యకూ లీగ్‌కూ ఉప్పూ నిప్పూ. అప్పటి సమాఖ్య అధ్యక్షుడు లూయిస్ రుబియాలెస్ ఒక కొస, తెబాస్ ఒక కొస. ఏళ్ల తరబడి కొట్టుకున్న ఈ మహానుభావులు ఒక మాట మీదికొచ్చింది ఎప్పుడో తెలుసా? ఈ మ్యాచ్ ఒక్కదాన్నే ఆపడంలో! ఐకమత్యమే మహాబలం. అది ఎవరి నెత్తిన పడిందన్నదే తేడా.

ఆగస్టు 7న వాయిదా పడ్డ మ్యాచ్ ఆడించారు. చోద్యం చూడండి. అప్పటికి ఫ్యూన్లబ్రాడాకు ఎన్ని పాయింట్లు కావాలో కచ్చితంగా తెలుసు. ఒక్కటి. డ్రా చాలు, ప్లేఆఫ్‌కి వెళ్లొచ్చు. ఓడితే ఆ చోటు ఎల్చెకి. తన ఆట తను ఆడేసుకున్న ఎల్చె రెండున్నర వారాలు గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. అందరి తలరాతా ఎవరి చేతిలో పెట్టారు? అప్పటికే దిగిపోయిన డెపోర్ చేతిలో! గెలిచినా గుడ్డిగవ్వ రాని జట్టు చేతిలో. అలాంటి జట్టు కావాలని ఓడితే అడిగేదెవరు?

డెపోర్ 2-1తో గెలిచింది. 'క్రీడాస్ఫూర్తి' అని లీగ్ వాళ్లు ఎన్ని కాగితాల మీద అచ్చేసుకున్నారో గానీ, ఆ రాత్రి అది కనపడింది మాత్రం వాళ్లు బయటికి గెంటిన జట్టులోనే. ఎల్చె ప్లేఆఫ్‌కి వెళ్లింది. గెలిచింది. మొదటి డివిజన్‌కి ఎక్కింది.

డెపోర్ మూడో అంచెలో నాలుగు సీజన్లు పడి ఉంది. 2023 జనవరిలో లూకాస్ పేరెస్ అనే ఆ ఊరి కుర్రాడు మొదటి డివిజన్ క్లబ్బు కాదిస్‌ను వదిలి, బదిలీ సొమ్ములో దాదాపు ఐదు లక్షల యూరోలు సొంత జేబులోంచి కట్టి మరీ మూడో అంచెకి వచ్చాడు. 2024 మే 12న రియాసోర్‌లో అతను కొట్టిన ఫ్రీకిక్‌తోనే క్లబ్బు మళ్లీ రెండో డివిజన్‌కి ఎక్కింది. నష్టాన్ని జేబులోంచి కట్టినవాడు ఆటగాడు. మరి లీగ్ పెద్దలు ఏం కట్టారంటారా?

తెబాస్ గారు 2023 డిసెంబరులో మళ్లీ అధ్యక్షుడయ్యారు. ఎన్నిక కూడా అక్కర్లేకపోయింది. పోటీకి ఎవరూ లేరు. ఆయనా ఆడకుండానే గెలిచారు.