గెలుపు గుర్రాల అధిష్ఠానానికి ఒక ఓటరు విన్నపం

మహారాజశ్రీ అధిష్ఠానం వారి సముఖానికి, మీ గుర్తుకే ఓటేసే అలవాటున్న ఓటరు నమస్కరించి రాయునది.

మేం కోరుకున్న మనిషికి మీరు టికెట్ ఇవ్వలేదు. సర్వేలు ఒప్పుకోలేదని సెలవిచ్చారు. ఆ సర్వే చూపించమని అడిగే హక్కు మాకు లేదు. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు బీ-ఫారం రిటర్నింగ్ అధికారికి అందితే చాలు, ఎవరిని ఎలా ఎంపిక చేశారన్నది చట్టానికి పట్టదు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మాత్రం, క్రిమినల్ కేసులున్నవారికి టికెట్ ఇస్తే కారణం ప్రకటించాలనీ, గెలుస్తాడన్నది ఒక్కటే కారణం కారాదనీ చెప్పింది. అంటే కేసులున్నవాణ్ణి ఎంచుకున్నందుకు సంజాయిషీ ఉంది, ఏ కేసూ లేనివాణ్ణి పక్కన పెట్టినందుకు అదీ అక్కర్లేదు.

ఇలాంటప్పుడు ఏం చేయాలో 1969లో ఇందిరాగాంధీ చూపించారు. రాష్ట్రపతి పదవికి ఆమె జగ్జీవన్‌రామ్‌ను కోరితే, కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు మన నీలం సంజీవరెడ్డిని ఖరారు చేసింది. ఆయన నామినేషన్‌పై సంతకం పెట్టిన ఆమే తర్వాత అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యమన్నారు. వి.వి.గిరి 4,20,077 ఓట్ల విలువతో గెలిచారు, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చింది. ప్రధానికి ఉన్న అంతరాత్మ ఓటరుకెందుకు ఉండకూడదు? కాకపోతే ఆ పోటీలో మొదటి లెక్కింపులో ఎవరూ సగం దాటలేదు, రెండో ప్రాధాన్య ఓట్లు తేల్చాయి. మాకు ఈవీఎం మీద ఒక్క నొక్కే. రెండో ప్రాధాన్యమేదో ఇంటి దగ్గరే తేల్చుకుని క్యూలో నిలబడాలి.

కోపంతో తేల్చుకోవడం తేలికే. నోటా ఉంది, 2013 సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. దానికెన్ని ఓట్లు పడినా మిగిలినవారిలో ఎక్కువ తెచ్చుకున్నవాడే ఎమ్మెల్యే అవుతాడు. మీకు బుద్ధి చెప్పడానికి ఎదుటి పార్టీకి వేయమని మావాళ్లు కొందరంటున్నారు. ఓడిన సీటు మీద కారణం రాసి ఉండదు కదా! మీరు దాన్ని వెన్నుపోటు ఖాతాలోనో, పొత్తు ఓట్లు బదిలీ కాలేదన్న ఖాతాలోనో రాసుకుంటారు. మేం కోరుకున్నాయన రెబల్‌గా దిగితే ఆయనకే వేద్దామన్నది ఇంకో మాట. గెలిచే బలముంటే అది మంచి దారే, కానీ గెలిచాక ఎటు వెళతారన్నదీ చూసుకోవాలి. 2018 తెలంగాణ ఎన్నికల్లో పొత్తులో వైరా సీటు సీపీఐకి పోతే, టికెట్ దక్కని కాంగ్రెస్ నేత స్వతంత్రుడిగా గెలిచి, ఫలితాలొచ్చిన కొద్ది రోజులకే అధికార టీఆర్ఎస్ వైపు నడిచారు. స్వతంత్రుడు పార్టీలో చేరితే సభ్యత్వం పోవాలని రాజ్యాంగం పదో షెడ్యూలు చెబుతూనే ఉంది పాపం.

‘మనిషిని కాదు, గుర్తును చూడండి’ అని మీరంటారు. సభలో విప్ ప్రకారమే చేయెత్తాలి కాబట్టి అందులో సగం నిజముంది. ప్రభుత్వం ఎవరిదన్నది మాకూ ముఖ్యమే. కానీ విప్ సభ గుమ్మం దాటి రాదు. ఇక్కడ స్టేషన్‌కు ఏ సీఐ రావాలి, కాలువ పూడిక పని ఎవరికి దక్కాలి, పథకాల జాబితాలో ఎవరి పేరుండాలి అన్నచోట ఎమ్మెల్యే మాటే చెల్లుతుంది. అక్కడ గుర్తు కాదు, మనిషే కనిపిస్తాడు. అందుకని మేం కోరుకున్నాయన బొమ్మ పక్కన పెట్టి, ఆయన్ని ఎందుకు కోరుకున్నామో చూస్తున్నాం. మీ పార్టీ విధానాల కోసమే అయితే, పళ్లు నూరుకుంటూనైనా ఓటు మీదే. మనిషి నడవడి కోసమైతే, ఆ నడవడి బరిలో ఇంకెవరికైనా ఉందేమో వెతుకుతాం, ఏ కండువాలో ఉన్నా సరే. మరి మేం కోరుకున్నాయనే నామినేటెడ్ పోస్టు ఒప్పుకుని రేపు మీ అభ్యర్థి పక్కన ప్రచార రథమెక్కితే? అది ఆయనకూ మీకూ కుదిరిన ఒప్పందం. అందులో మా సంతకం లేదు.

కనుక బుజ్జగింపుల బృందాన్ని ఆయన ఇంటికే పంపి ఊరుకోకండి. మీ అభ్యర్థిని దండలూ డప్పులూ లేకుండా ఒక పూట మా ఊరికి పంపండి. సీఐ గురించీ, కాలువ గురించీ, జాబితా గురించీ అడగాల్సినవి ఉన్నాయి.

ఇట్లు,
సర్వేలో ఎవరూ అడగని ఓటరు