హుకుం కళ్లద్దాలు

అధికారానికి లొంగడమంటే చేతులు అప్పగించడమేనని లోకం అనుకుంటుంది కాని, అంతకంటే ముందుగా అప్పగించవలసినవి కళ్లు. ఎదుట ఉన్నది ఏమిటో పైవాడు చెప్పినట్టు చూడడం అలవాటైతే, ఆ తరువాత చేయవలసిన పనికి చేతులు వాటంతట అవే వస్తాయి. ఈ సూక్ష్మాన్ని అమెరికా పండితులు ఇరవయ్యో శతాబ్దం నడుమ ప్రయోగశాలల్లో కనిపెట్టారని పుస్తకాలు చెబుతాయి. కోనసీమవారికి మాత్రం దాని ప్రదర్శన 1931లోనే, రుసుమేమీ లేకుండా, వాడపల్లి తీర్థంలో జరిగిపోయింది.

ఆత్రేయపురం దగ్గర గౌతమీ తీరాన ఉన్న వాడపల్లి వేంకటేశ్వరస్వామికి ఏటా చైత్రమాసంలో రథోత్సవం జరుగుతుంది. ఆ ఏడు, మార్చి 30న, రథంమీద స్వామితోపాటు గాంధీ పటాన్ని కూడా జనం ఊరేగించబోయారు. పటమంటే అద్దం బిగించిన చట్రం, దాని వెనక ఒక కాగితం. అదే మార్చి 5న ఆ కాగితంమీది మనిషినే ఢిల్లీలో ఎదుట కూర్చోబెట్టుకుని వైస్రాయి ఇర్విన్ ఒడంబడిక చేసుకున్నాడు. అంటే సాక్షాత్తూ గాంధీ వైస్రాయి భవనంలో కూర్చుంటే చెక్కుచెదరని సామ్రాజ్యం, ఆయన బొమ్మ వాడపల్లి రథమెక్కేసరికి కూలిపోయే స్థితికి వచ్చిందన్నమాట! పోలీసులు పటం ఉండరాదన్నారు, జనం ససేమిరా అన్నారు, తుపాకులు పేలాయి, నలుగురు చనిపోయారు. మామూలు కంటికి తీర్థంగా కనిపించినది హుకుం కళ్లద్దాలు పెట్టుకున్నవారికి తిరుగుబాటుగా కనిపించింది.

ఇటువంటి దృష్టిమార్పులో మొదటి మెట్టును శాస్త్రం ‘అనుసరణ’ అంటుంది. గుంపు తీర్పుకు తగినట్టు మనిషి తన తీర్పును సర్దుకోవడమని దాని అర్థం. 1950ల తొలినాళ్లలో సాలమన్ యాష్ ఒక గీతను చూపించి, దానికి సమానమైనది పక్కనున్న మూడు గీతల్లో ఏదో చెప్పమన్నాడు. ముందే కూడబలుక్కున్న మనుషులు వరసగా తప్పు చెబుతూ వస్తే, అసలు పరీక్ష ఎవరికి పెట్టారో ఆ అమాయకుల్లో సుమారు నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా ఆ తప్పుకే తలూపారు. రెండో మెట్టు ‘విధేయత’. 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాల్లో, పక్కగదిలోని వ్యక్తి పాఠం తప్పు చెప్పినప్పుడల్లా విద్యుత్ షాకు పెంచమని ఆజ్ఞ. షాకులు ఉత్తుత్తివే కాని, మీట నొక్కేవాడికి ఆ సంగతి తెలియదు. ప్రసిద్ధికెక్కిన మొదటి విడతలో 40 మందిలో 26 మంది చిట్టచివరి మీట, 450 వోల్టుల దాకా వెళ్లారు. తాను మరొకరి చేతిలో పనిముట్టునేనని మనిషి అనుకునే ఈ స్థితికి మిల్‌గ్రామ్ పెద్ద పేరే పెట్టాడు. మన కచేరీల్లో దానికి ‘మాదేముందండీ, పైనుంచి ఆర్డరు’ అనే వాడుక మాట ఎప్పటినుంచో ఉంది.

ఆర్డరు వస్తే ఇక చేసేదేముంటుందని వాదించే విధేయతా పండితులకు ఒక్క చిక్కు ఉంది. వాడపల్లికి సరిగ్గా ఏడాది కూడా నిండకముందు, 1930 ఏప్రిల్ 23న, పెషావరులో నిరాయుధులైన జనంమీద కాల్పులు జరపమని ఆజ్ఞ అయినప్పుడు, చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన వెంట ఉన్న గఢ్వాల్ సిపాయిలు తుపాకులు ఎత్తలేదు. వారూ అదే సర్కారు జీతగాళ్లు, వారికీ ఆజ్ఞ అదే భాషలో అందింది, అయినా ఎదుట ఉన్నది నిరాయుధులైన జనమేనని వారికి కనిపించింది. ఇంత స్పష్టమైన చూపును సైన్యం క్షమించలేదు. చంద్రసింగ్‌కు యావజ్జీవ శిక్ష వేసింది. సరిగ్గా చూసే రోగానికి ఆ కాలంలో వైద్యం అదే.

మిల్‌గ్రామ్ చేసిన మరో మార్పు మనవారికి బొత్తిగా నచ్చదు. ఆజ్ఞాపించేవాడు గదిలోంచి వెళ్లిపోయి ఫోనులో చెప్పినప్పుడు, చివరిదాకా వెళ్లేవారు అయిదో వంతుకు పడిపోయారు. ‘పైనుంచి ఫోనొచ్చింది’ అన్న ఒక్క మాటతో రాత్రికి రాత్రే ఫైళ్లు కదిలి, పొద్దున్నకల్లా ఇళ్లు కూలే దేశంలో ఈ లెక్కను ఎవరు నమ్ముతారు? ఇంకా విడ్డూరమేమంటే, కొందరు అతి చిన్న షాకుతోనే సరిపెట్టి, ఆజ్ఞ ప్రకారం పెంచుతూనే ఉన్నామని ఫోనులో నమ్మబలికారు. ప్రాణాపాయం వచ్చినచోట బొంకవచ్చునని బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చూపించిన మినహాయింపును భాగవతం ముఖమెరుగని ఆ అమెరికన్లు ఎవరూ చెప్పకుండానే వాడుకున్నారు. దాన్ని కంఠతా పట్టిన మన గుమాస్తాలు మాత్రం ఫోను పెట్టేసిన మరుక్షణమే మీట నొక్కి, నొక్కామని తిరిగి ఫోను చేసి మరీ చెబుతారు.