కొలతకు పుట్టిన కుర్చీ

మైలాపూరులో లజ్ కూడలికి అనతిదూరమున, నేడు నాలుగంతస్తుల వాటాల భవనము నిలిచియున్న చోట, పూర్వము తూర్పువాకిలి గల పెంకుటిల్లు ఒకటి ఉండెడిది. ఆ యింటి వీధివాకిటి ద్వారబంధమునకు కుడిప్రక్క నిలువుకొయ్యగా అమర్చబడిన బర్మా టేకుదుంగయే నా పూర్వజన్మము. సాయంకాలములందు తెలుగు పెద్దలు ఆ యింటి అరుగుపై గుమిగూడి, చేత ఆంధ్రపత్రికను బట్టుకొని, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనమున 1937 నవంబరులో జరిగిన ఒడంబడిక వలన రాయలసీమకు ఒనగూడు లాభమెంత, నష్టమెంత యని గంటలకొలది వాదించుచుండ, వినుట తప్ప నాకు వేఱు పని లేకుండెను గావున, నా భాష ఈ కాలమువారికి కొంత పాతవాసన కొట్టిన కొట్టవచ్చును. ఎండిన మ్రాను వంగదు. దాని మాటయు అంతే.

ఆ 1937వ సంవత్సరముననే దుర్గాబాయమ్మగారు చెన్నపట్టణమున ఆంధ్ర మహిళాసభను నెలకొల్పిరి. ఆ సభ పెరిగి, ఆసుపత్రియు పాఠశాలలును కలదియై, తరువాతి కాలమున అవయవలోపముగల పిల్లల చికిత్స కొఱకు ఈశ్వరీప్రసాద్ దత్తాత్రేయ ఆర్థోపెడిక్ సెంటరును గూడ నడుపునంతటి దయ్యెను. పోలియో సోకి కాళ్ళు చచ్చుబడిన బిడ్డలను చంకనిడుకొని, త్రోవ యడుగుచు మా అరుగుపై క్షణము సేదదీరిన తల్లులను నేను చూచితిని. వారిలో ఒక్కరైనను బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుట చూడలేదు. కూర్చుండబెట్టిన చోట నిలుచు బిడ్డలు కారు వారు.

ఇల్లు పోయి వాటాలు వచ్చినవి. పాత కలప అమ్ము దుకాణమున ఎండకెండి వానకు తడిసి పడియున్న నన్ను ఒక వడ్రంగి ఆచారిగారు గోటితో గీచి, వాసన చూచి, బేరమాడి కొనిరి. ఏ పూజామందిరపు తలుపుగానో మారుదునని ఆశపడిన మాట దాచను. కుర్చీ నగుదు ననుకొనలేదు. అందును లోకములో ఒక్క పిల్లవానికి తప్ప మఱి యెవ్వరికిని అమరని కుర్చీ నగుదునని అసలే యనుకొనలేదు.

ఆ పిల్లవాని అసలు పేరుతో మీకు పనిలేదు. అరవమును తెలుగును కలిసిపోయిన ఆ యింట అందఱును ‘కన్నా’ యనియే పిలిచెడివారు. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ. సెరిబ్రల్ పాల్సీ యని వైద్యులు చెప్పిరి. అనగా, మెదడు ఇంకను ఎదుగుచున్న తొలినాళ్ళలోనే దానికి తగిలిన దెబ్బ. ఆ దెబ్బ నానాటికి పెద్దదగునది కాదు, గాని కండరములమీద దాని యేలుబడి బ్రతుకంతయు సాగును. కన్నాకు కాళ్ళు బిగువు, మొండెము వదులు. ఆరేండ్లు వచ్చినను ఆధారము లేక కూర్చుండలేడు. తల్లి ఒడిలోనే తిండి, ఒడిలోనే చదువు, ఒడిలోనే వీధివేడుక.

నాకు ముందు ఆ యింట ఒక కుర్చీ ఉండెను. తళతళలాడు ఉక్కు గొట్టములు, నీలిరంగు రెక్సిను, చక్రములు, నాలుగు చోట్ల పటకాలు. ఖరీదు చెప్పిన బామ్మగారు గుండెలు బాదుకొనెడివారు. దానిని అమ్మిన వాడు, “పెరిగే పిల్లాడు కదమ్మా, కాస్త పెద్దదే తీసుకోండి, నాలుగేళ్ళు వస్తుంది” అని, బడి చొక్కా కుట్టించినట్లే సలహా చెప్పెను. చొక్కా పెద్దదైన చేతులు మడుచుకొనవచ్చును. కుర్చీ పెద్దదైన వచ్చు ఆపద వేఱు: పీట లోతు తొడ పొడవును మించినచో, దాని ముందరి అంచు మోకాలి వెనుక ఒత్తును, ఆ ఒత్తిడి తప్పించుకొనుటకు బిడ్డ ముందుకు జాఱును, జాఱగనే కటి వెనుకకు తిరుగును, కటి తిరిగినంతనే వెన్ను గూనువడును, ఆ గూనును సరిదిద్దబోయి మెడ గడ్డమును పైకెత్తును, గడ్డము పైకెత్తియున్న బిడ్డకు ముద్ద మ్రింగుట కష్టము, పొలమాఱుట సులభము. ఇంత జరుగుచుండ, చూచువారికి కనబడునది మాత్రము ఒక్కటే: “వీడు కుదురుగా కూర్చోడు.” అంతట ఱొమ్ముపటకా ఇంకొక రంధ్రము బిగించుదురు. నేను ఆ నీలికుర్చీని నిందింపను. అది ఇంకెవరి కొలతకో పుట్టినది.

చిత్తూరు జిల్లానుండి వచ్చి మదరాసున చదువుకొని స్థిరపడిన ఆక్యుపేషనల్ థెరపిస్టు ఒకామె ఒకనాటి ఉదయమున ఆచారిగారిని వెంటబెట్టుకొని ఆ యింటికి వచ్చెను. ఆచారిగారు టేపు తీసి కొలువబోగా, “ఉండండి ఆచారిగారూ, కూర్చోబెట్టక ముందు పడుకోబెడదాం” అని వారించి, చాపపై కన్నాను వెల్లకిల పరుండబెట్టి, తుంటి యెంత మడచునో, తుంటి మడచియుండగా మోకాలు ఎంత చాగునో, నడుమును చేత నదిమిపట్టి చూచెను. పిమ్మట బల్లపై కూర్చుండబెట్టి, వెనుకనుండి తన రెండు చేతులతో మొదట కటిని పట్టుకొనెను, తల ఒరగిపోయెను. ఒక చేతిని పక్కటెముకల ప్రక్కకు తెచ్చెను. తల కొంత నిలిచెను. పాదముల క్రింద లావుపాటి పుస్తకములు రెండు పేర్పించెను. అప్పుడు కన్నా తల నిలువున నిలిపి, కిటికీలోనుండి వీధిలోని ఎఱ్ఱ ఆటోను చూచెను.

“చూశారా? నా చేతులు ఎక్కడెక్కడ ఉన్నాయో కుర్చీ అక్కడక్కడే పట్టుకోవాలి. నేను ముట్టుకోని చోట కుర్చీ కూడా ముట్టుకోకూడదు” అని ఆమె యనగా, ఆచారిగారు సుద్దతో బల్లమీద గుర్తులు పెట్టుకొనిరి. ఇట్టి కుర్చీల శాస్త్రమంతయు ఆ రెండు వాక్యములలో నున్నదని, ఇన్నేండ్ల అనుభవము మీద నా అభిప్రాయము. కొలతలు తరువాత వచ్చినవి. పిఱుదుల వెనుకనుండి మోకాలి మడత వఱకు 30 సెంటీమీటర్లు. కాబట్టి పీట లోతు 27. తుంటి వెడల్పు 23. పీట వెడల్పు 25. పిల్లవాడు పెరిగినకొలది మరలు త్రిప్పి కుర్చీని పెంచవలెనని, నా వీపుపలకను వెనుకకును, కాలిపలకను క్రిందకును జరుపుటకు వరుసగా రంధ్రములు తొలిచిరి.

కొయ్యపై రంపము వేయకముందు ఆచారిగారు కిరాణాదుకాణమునుండి అట్టపెట్టెలు తెచ్చి, పొరలు పొరలుగా అంటించి ఒక నమూనా చేసిరి. జింబాబ్వే దేశమున బెవిల్ ప్యాకర్ అను నాయన పాత అట్టలు, కాగితములు, పిండిజిగురుతోనే ఇట్టి పిల్లలకు గట్టి కుర్చీలు చేయు విద్యను వ్యాపింపజేసెననియు, డేవిడ్ వర్నర్ 1987లో వ్రాసిన వికలాంగ గ్రామీణ బాలల గ్రంథమున కొయ్యముక్కలతో పల్లెలో చేసికొనదగిన కుర్చీల బొమ్మలు పెక్కు కలవనియు ఆ థెరపిస్టు చెప్పగా వింటిని. టేకునైన నాకు అట్టతో పోలిక మొదట చిన్నతనముగ తోచిన మాట నిజము. గాని బరువున అది నాకంటె ఎంతో మేలు. నన్ను మెట్లు దింపుటకు ఇద్దఱు కావలెను.

నా రూపము వినుడు. నా పీట ముందుభాగము వెనుకకంటె కొంచెము ఎత్తు. కుక్కరు ఈల వేసినప్పుడు, దీపావళి టపాకాయ ప్రేలినప్పుడు, కన్నా దేహమంతయు ఉలికిపడి నిటారుగ బిగిసి వెనుకకు చాచుకొనెడిది, తుంటి మడిచియున్నచో ఆ బిగువు చాలవఱకు తగ్గును. నడుముపటకా పొట్టమీద కాదు, తొడయు కటియు కలియు మడతలో, క్రిందకును వెనుకకును ఏటవాలుగ పోవును. మోకాళ్ళ నడుమ గుండ్రని దిమ్మ యొకటి కలదు; అది తొడలను ఎడముగా నుంచుటకే గాని జాఱు బిడ్డను ఆపుటకు గాదు; ఆ పని దానికి అప్పగించినచో బిడ్డకు నొప్పి యగును. ముందు పళ్ళెపుబల్ల మోచేతుల ఎత్తున నుండును. రెక్సిను మైలాపూరు ఉక్కకు చెమట పట్టించునని నా మెత్తలకు నూలుతొడుగులు వేసిరి. తొలినాళ్ళలో ఇరువది నిమిషములే కూర్చుండబెట్టి, దింపగనే ఎక్కడెక్కడ చర్మము ఎఱ్ఱబడినదో చూచి, ఆ ఎఱుపు అరగంటలో మాయమగునో లేదో కనిపెట్టి, పిదప క్రమముగా కాలము పెంచిరి.

ఒక ఉదయము తల్లి కన్నాకు ఎదురుగ, అతని కంటికి సమానమైన ఎత్తున ముక్కాలిపీటపై కూర్చుండి, నా బల్లమీద ఒక గిన్నెలో సాంబారును, ఇంకొక గిన్నెలో నువ్వులనూనె కలిపిన కారప్పొడిని రెండు చివరల నుంచెను. పూర్వము నిలుచుండి పైనుండి పెట్టుటవలన తల పైకెత్తెడివాడు. ఇప్పుడు గడ్డము కొంచెము లోనికి వంగియుండెను, తల నిలిచియుండెను, కన్నులు స్వేచ్ఛగా తిరిగెను. “ఏది కావాలి కన్నా?” అని అడిగి ఆమె ఊరకుండెను. అతడు సాంబారును చూచి, చూపు మరల్చి, కారప్పొడిమీద నిలిపెను. గిన్నెలు తారుమారు చేసిరి. చూపు కారప్పొడి వెంటనే పోయెను. బామ్మగారు ముక్కుమీద వ్రేలిడుకొని, “అయ్యో నా తండ్రీ, ఇన్నేళ్ళూ నీకు సాంబారంటే ప్రాణమనుకున్నామే!” అనిరి. మాట లేని బిడ్డకు ఇష్టాయిష్టములు లేవని కాదు. చూపు నిలుపుటకు తల, తల నిలుపుటకు వెన్ను, వెన్ను నిలుపుటకు కటి కుదురు కావలెను.

ఆ యింట పండుగనాడు అందఱును నేలపై విస్తళ్ళు వేసికొని భుజించెడివారు. ఎత్తైన కుర్చీలో కూర్చున్న బిడ్డ ఆ పంక్తిలో ఒంటరి. దీనిని ముందే యోచించిన ఆచారిగారు నా పీటను, క్రింది చక్రముల చట్రమును వేఱువేఱుగ చేసి, నాలుగు మరలు విప్పినచో పీట నేలపై దిగునట్లు అమర్చిరి. ఉగాదినాడు కన్నా బామ్మగారి ప్రక్కనే, ఆమె భుజముతో సమానముగ కూర్చుండి భుజించెను. కుర్చీ యెంత ఎత్తుండవలెననునది ఇంటివారు ఎక్కడ కూర్చుందురో దానినిబట్టి తేలవలసిన విషయము. అంగళ్ళలో ఈ ప్రశ్న అడుగువారు అరుదు.

చుట్టములలో కొందఱు నన్ను చూచి, “పాపం, పసివాణ్ణి కట్టేశారేమిటి?” అనెడివారు, వారిమీద నాకు కోపము లేదు. నాకు కోపము వచ్చునది, బిడ్డను ఉదయము నాలో కూర్చుండబెట్టి సాయంకాలము వఱకు మఱచువారిమీద. పనికొఱకు, తిండికొఱకు, ఆటకొఱకు కుర్చీ. అవి కాగానే దింపి చాపమీద దొర్లనీయవలెను, నిలబెట్టు చట్రమున నిలువనీయవలెను. ఎంత మంచి కుర్చీ యైనను దినమంతయు కూర్చుండుటకు పనికిరాదు.

ప్రతియింటికి ఒక ఆచారిగారు దొరకరు గదా యందురా? నిజమే. కొట్టూరుపురమున ఇట్టి పిల్లలకొఱకు పూనమ్ నటరాజన్ గారు 1985లో ప్రారంభించిన విద్యాసాగర్ వంటి సంస్థలు ఈ నగరమున కలవు. కాన్పూరున 1972లో ఏర్పడిన ప్రభుత్వసంస్థ అలింకో సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు తగిన కుర్చీలు చేయుచున్నది. 1981 నుండి సాగుచున్న కేంద్రప్రభుత్వపు ఆడిప్ పథకము క్రింద అట్టివి అర్హులకు అందును. మైలాపూరునుండి సముద్రతీరము వెంట కొంతదూరము పోయినచో, కామరాజర్ సాలైలో 2022లో తెఱచిన మ్యూజియం ఆఫ్ పాసిబిలిటీస్ లో ఇట్టి సాధనములను కన్నులార చూచి, చేతులార తాకి తెలిసికొనవచ్చును. ఎక్కడనుండి తెచ్చుకొన్నను, కొనక మునుపు ఆ బిడ్డనే దానిలో కూర్చుండబెట్టి, అన్నము తినునంతసేపు చూడుడు. ఆఱు నెలలకొకసారి మరల కొలువుడు.

కన్నా పెరిగెను. నా రంధ్రములన్నియు ఒకదానివెంట నొకటి ముగిసినవి. కడపటి రంధ్రముకూడ చాలక, అతడు కొత్త ఆసనముగల చక్రాలకుర్చీకి మాఱెను. నన్ను అటకమీద నవరాత్రి బొమ్మల పెట్టెల ప్రక్కన పెట్టిరి. ఒక సంవత్సరము కొలువులో మెట్టు తక్కువైనదని నన్ను దింపి పట్టుగుడ్డ కప్పి, నాపై దశావతారములను నిలుపబోయిరి గూడ. ఆ దినముననే థెరపిస్టు వచ్చి చూచి, “దీన్ని ఇవ్వండి బామ్మగారూ, నాలుగేళ్ళ పాప ఒకతె ఉంది” అని తీసికొనిపోయెను. ఆ పాపకు నేను ఉన్నపళముగ పనికిరాలేదు: పీట లోతు తగ్గించిరి, కాలిపలక పైకెత్తిరి, పాపది కన్నాకు భిన్నముగ ఎడమకు ఒరుగు దేహము గావున ప్రక్కమెత్తలు మార్చిరి. ఇప్పుడు ఆమెకు సరిపోవుచున్నాను.

చదువరులారా, మీ అటకలమీద బిడ్డలు విడిచిన ఇట్టి కుర్చీలు ఉన్నచో దింపుడు. దుమ్ము తుడిచి, కొలుచుట తెలిసినవారి చేతికిండు. ఇంకొక బిడ్డను నేరుగ దానిలో కూర్చుండబెట్టకుడు. మరలు, పటకాలు, కాలిపలక పోకుండ ఒక సంచిలో వేసి, ఆ సంచిని కుర్చీకే కట్టి యిండు.