ఓ కారూ, రేపు రా

నా గుండెలో అమ్మోనియం నైట్రేట్ ఉండేది. కంగారు పడకండి, చిన్న చిన్న బిళ్లలే, ఒక ఉక్కు డబ్బీలో. స్టీరింగ్ నడిమధ్య ‘ఎయిర్‌బ్యాగ్’ అని అక్షరాలు పొంగి కనిపిస్తాయే, సరిగ్గా దాని వెనకాల. పొలంలో చల్లితే అది ఎరువు, గనిలో దట్టిస్తే పేలుడు మందు. 2020లో బీరూట్ రేవును తుడిచిపెట్టింది అదే. నాలో మాత్రం ప్రాణం కాపాడ్డానికి పెట్టారు. గుద్దుకున్న క్షణాన సెన్సరు కబురంపితే బిళ్లలు అంటుకుని గ్యాసవ్వాలి, సెకనులో ముప్పయ్యో వంతులో నైలాన్ సంచీ ఉబ్బాలి. మీరు రెప్ప వేయడానికి అంతకు మూడింతలైనా పడుతుంది.

చిక్కల్లా ఏమిటంటే ఈ బిళ్లలకు తేమ పడదు. వేడి పడదు. పగలంతా కాగి రాత్రి చల్లబడితే మరీ పడదు. ఏళ్ల తరబడి అలా అయితే గట్టి బిళ్ల కాస్తా గుల్లబారుతుంది. గుల్లబారింది నిదానంగా మండదు, ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ ఒత్తిడికి డబ్బీయే పగిలి, ఇనప ముక్కలు సంచీని చీల్చుకుని నడిపేవాడి గొంతు మీదికి వస్తాయి. కొత్త చెప్పుల పెట్టెలో తేమ పీల్చే చిన్న పొట్లం వేస్తారు చూడండి, ఆ జాతి మందు డబ్బీలో కాస్త వేసి ఉంటే ఇంత తొందరగా చెడేది కాదట. చెప్పులకున్న భాగ్యం నాకు లేకపోయింది.

నేను 2011లో పుట్టాను. రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు, హైదరాబాదులో రిజిస్ట్రేషను, ఏపీ 09 నంబరు. ఐదేళ్లు అక్కడి ఫ్లైఓవర్ల మీద తిరిగాక మొదటాయన నన్ను అమ్మేశాడు. కొన్నాయనది బందరు. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ వ్యాపారం. గాజులు, గొలుసులు, చెవిదిద్దులు పెట్టెలకెత్తి నా డిక్కీలో పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషి. ఆర్సీ ఆయన పేరు మీదికి మారింది గానీ, కంపెనీ పుస్తకాల్లో మాత్రం నేను ఇంకా హైదరాబాదు వాడి సొత్తే. అందుకే ‘మీ వాహనంలో ఒక భాగాన్ని ఉచితంగా మార్చి ఇస్తాం’ అన్న ఉత్తరం వచ్చిందో, వస్తే ఎవరింటి గుమ్మంలో పడిందో మాకు తెలియలేదు.

తెలిసింది డాలస్ నుంచి. 2018 సంక్రాంతినాడు మా ఆసామి కూతురు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి అక్కడ కొనుక్కున్న పాత కారుకూ ఇదే జబ్బు. “నాన్నా, మన బండి ఛాసిస్ నంబరు ఒకసారి పంపించు” అంది. పదిహేడు అంకెలూ అక్షరాలూ ఆయన అద్దాలు సర్దుకుంటూ ఆర్సీలోంచి చదివారు. రెండు నిమిషాలకు అటునుంచి మాట లేదు. తర్వాత, “అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టకు నాన్నా.”

ఆవిడ పక్కనే ఉంది, విన్నది. ఆ రోజు నుంచి వెనక సీట్లోకి మారింది.

వాహనాల చరిత్రలోకెల్లా పెద్ద రీకాల్ ఇదే అంటారు. ఒక్క అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల డబ్బీలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, అక్కడే పాతికమందికి పైగా పోయారు. పొరుగు కంపెనీ, పోటీ కంపెనీ అని లేదు, చాలా కంపెనీలు ఒకే జపాను తయారీదారు దగ్గర కొన్నాయి. ఆ తయారీదారు 2017లో దివాలా ఎత్తాడు. మరి కొత్తవి చేసేదెవరు? చేసినా ముందు ఎవరికి? అక్కడ తేమ ఎక్కువున్న రాష్ట్రాలకు, పాత బండ్లకు మొదటి వరస అన్నారు. టెక్సస్ ఆ వరసలో ఉంది. అమ్మాయికి పార్టు వచ్చేదాకా తిరగడానికి వేరే కారు కూడా ఇచ్చారు. తేమ మాటకొస్తే బందరు ఏ టెక్సస్‌కు తీసిపోయింది? సముద్రపు గాలికి ఇక్కడ గిల్టు గొలుసు పెట్టెలోనే నల్లబడుతుంది. అందుకే ఈ జబ్బు సంగతి మా ఆసామికి ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. “గాలి తినేస్తుందన్నమాట” అన్నారు, అంతే.

షోరూము బెజవాడలో. బందరు నుంచి డెబ్బై కిలోమీటర్లు. మొదటిసారి వెళ్లినప్పుడు సర్వీస్ అడ్వైజరు కుర్రాడు కంప్యూటర్లో చూసి, “అవును సార్, మీ బండి లిస్టులో ఉంది” అన్నాడు, ఏదో బహుమతి తగిలినట్టు. పార్టు ఆర్డరు పెడతామన్నాడు, ఫోన్ చేస్తామన్నాడు. “అందాకా?” అని మా ఆసామి అడిగితే, “జాగ్రత్తగా నడుపుకోండి సార్” అన్నాడు.

నెలన్నర ఆగి మేమే వెళ్లాం. స్టాకు లేదు. మూడోసారి, పార్టు వచ్చింది గానీ మాది కాదు, వేరే మోడల్‌ది. వెళ్లిన ప్రతిసారీ జాబ్ కార్డు మాత్రం తెరిచేవారు, నాకు ఒళ్లంతా నీళ్లు కొట్టి కాంప్లిమెంటరీ వాష్ అనేవారు. మర్నాడు పొద్దున్నే ఎవరో అమ్మాయి ఫోన్: “సార్, మా సర్వీసుకి పదికి ఎన్ని మార్కులిస్తారు?” “ఏం చేశారమ్మా మార్కులివ్వడానికి?” అని ఈయన. “పదికి తక్కువైతే మా అడ్వైజర్‌కి ఇబ్బంది సార్.” పదీ ఇచ్చేసేవారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బేరంలో ఒక్క రూపాయి వదలని మనిషి!

వెనకటికి ఊళ్లలో దయ్యం భయానికి తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవారు. దయ్యం రాత్రి వచ్చి, చదివి, రేపొద్దామని వెళ్లిపోతుందట. మర్నాడూ అదే రాత, మళ్లీ రేపే. ఆ షోరూము గాజు తలుపు మీద కూడా అలాంటిదేదో కంటికి కనపడకుండా రాసి ఉందని నా అనుమానం.

మే నెలలో ఫోనొచ్చింది. బండి ఇక్కడ వదిలేసి వెళ్లండి, రెండు రోజుల్లో పార్టు దిగుతుంది. ఆయన బస్సులో బందరు వెళ్లిపోయారు. ఆ రెండు రోజులు ఇరవై రెండయ్యాయి.

నన్ను వెనక యార్డులో, రేకుల షెడ్డు అవతల నిలబెట్టారు. నీడ డెలివరీకి సిద్ధమైన కొత్త బండ్లకు. అద్దాలు బిగించి, ఎండకెదురుగా నేను. బెజవాడ ఎండ, పైగా రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయంటారు. బయట 45 ఉంటే మూసిన కారు లోపల 60 దాటుతుంది. డ్యాష్‌బోర్డు మీద ఎవరో మర్చిపోయిన రబ్బరు బ్యాండు మూడో రోజుకి అతుక్కుపోయింది, పదో రోజుకి తునకలైంది. దాన్ని చూస్తూ నా బిళ్లల గురించి ఆలోచించేవాణ్ణి. నా జబ్బే కాలం వల్ల వచ్చింది. వేడి, తేమ, రోజులు, ఈ మూడూ కలిస్తేనే అది ముదిరేది. దానికి వీళ్లు రాసిచ్చిన మందు ఏమిటి? ఇంకొన్ని రోజులు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి నా బానెట్ పక్కన నిలబడి ఎవరికో ఫోన్లో, “ఈటీఏ ఇవ్వండి సార్, కస్టమర్ రోజూ అడుగుతున్నాడు” అని బతిమాలుకునేవాడు. వాడికీ అవతల నుంచి వచ్చే జవాబు రేపే. ఇరవై మూడో రోజు మా ఆసామి వచ్చి తాళాలు తీసుకున్నారు. స్టీరింగ్ పట్టుకుని ‘అబ్బా’ అని చెయ్యి వెనక్కి లాక్కున్నారు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి ఆ పొంగిన అక్షరాల మీద కప్పారు. చెయ్యి కాలకుండా అనుకుంటాను. బందరు చేరాక కూడా తీయలేదు. సీటు వెనక్కి జరుపుకుని, చేతులు బారచాపి నడపడం అప్పుడే అలవాటైంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించి రీకాల్ సెక్షను పెట్టారు. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. లోపమున్న బండ్లను ప్రభుత్వమే వెనక్కి పిలిపించవచ్చు, కోటి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అయితే అది తయారై ఏడేళ్లు దాటని బండ్లకే. బిళ్లలు గుల్లబారడం మొదలయ్యే వయసుకి చట్టం చెయ్యి వదిలేస్తుంది. ఆ నిబంధనలు వచ్చేదాకా ఏ కంపెనీ పిలిచినా తనంతట తాను పిలవడమే.

ఇవేవీ రాకముందే, 2019 మార్చిలో నా వంతు వచ్చింది. మెకానిక్ బ్యాటరీ వైరు ఊడదీసి, లోపల నిలవున్న కరెంటు దిగేదాకా మూడు నిమిషాలు ఊరికే కూర్చున్నాడు. తర్వాత స్టీరింగ్ పక్కల రెండు బోల్టులు, పసుప్పచ్చ కనెక్టరు. కొత్తది బిగించి తాళం తిప్పితే ఎర్ర లైటు వెలిగి ఆరింది. మొత్తం నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల కోసం పద్నాలుగు నెలలు, ఆరు ప్రయాణాలు, 840 కిలోమీటర్లు. ఉచితమే.

పాత డబ్బీ బల్ల మీద ఉంది, కుంకుమ భరిణె అంత. మా ఆసామి వంగి చూశారు. తుప్పు లేదు, మచ్చ లేదు. “పైకి బాగానే ఉందే” అన్నారు, నలభై ఏళ్లు పైపూతల మధ్య బతికిన మనిషి. మెకానిక్ దాన్ని కొత్తది వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి నంబరు స్కాన్ చేసుకున్నాడు.

ఎడమ పక్క సీటుకెదురుగా ఉన్న డబ్బీ రెండో విడతలో అన్నారు. అది ఇంకో ఏడు నెలలకి వచ్చింది. బిగించుకుని బయల్దేరేటప్పుడు ఈయన ముందు తలుపు తీసి పట్టుకుని, “ఇంక భయం లేదు, రావే” అన్నారు. ఆవిడ అప్పటికే వెనక కూర్చుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. “ఇక్కడ బాగానే ఉందిలెండి, కాళ్లు చాపుకోవచ్చు” అంది.

ముందు సీట్లో ఇప్పుడు గాజుల పెట్టె వెళ్తుంది. మలుపుల్లో జారిపోకుండా దానికి బెల్టు కూడా పెడతారు.